చమురు బావి దగ్గర ఇరవై మంది రౌతులు: కాపలాకా, పాగాకా?

పాతపటం:
ఒక మిత్రుడితో వాదన తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. 1907 చివర్లో ఆర్నాల్డ్ విల్సన్ అనే 23 ఏళ్ల లెఫ్టినెంట్, 18వ బెంగాల్ లాన్సర్ల (ఈటెలు పట్టే రౌతుల) దళం నుంచి 20 మంది భారతీయ రౌతులను వెంటబెట్టుకుని పర్షియా (ఇప్పటి ఇరాన్) నైరుతి కొండలకు వెళ్లాడు. విలియం నాక్స్ డార్సీ 1901లో షా (పర్షియా రాజు) దగ్గర సంపాదించిన 60 ఏళ్ల హక్కుపత్రం కింద అక్కడ జార్జ్ రేనాల్డ్స్ అనే ఇంజినీరు చమురు వెతుకుతున్నాడు. రౌతుల పని అతనికి, అతని మనుషులకు కాపలా. మిత్రుడు దీన్ని కేవలం ప్రాణరక్షణ అంటాడు. పరాయి దేశంలో పాగా వేయడానికి అదే తొలి అడుగు అని నా అనుమానం. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
పాగానా? ఇరవై మందితోనా? ఆ కొండలు బఖ్తియారీ తెగవారివి. 1909 జులైలో ఆ తెగ సర్దార్లే గుర్రాలెక్కి వెళ్లి, రాజ్యాంగవాదులతో కలిసి టెహరాన్ పట్టుకున్నారు, షాను దింపేశారు. అలాంటివాళ్ల మధ్య ఇరవై ఈటెలు ఏ మూలకు?

కాపలా ఎందుకు కావలసి వచ్చిందో కూడా చూడండి. 1905 నవంబరులో బఖ్తియారీ ఖాన్‌లతో, అంటే తెగ పెద్దలతో, ఒప్పందం కుదిరింది. ఏడాదికి 2,000 పౌండ్లు, పుట్టబోయే కంపెనీలో 3 శాతం వాటా. బదులుగా వాళ్ల మనుషులే కాపలా కాయాలి. జరిగిందేమిటంటే కంచే చేను మేసింది. కాపలాదారులే బెదిరించడం, సామాను మాయం కావడం, ఇంకా డబ్బు తెమ్మని పేచీ. సంతకం పెట్టిన ఖాన్‌కు, పెట్టని ఖాన్‌కు మధ్య కక్షలు వేరే. డబ్బు తీసుకుని కాపలా కాయకపోతే ఎవరైనా ఏం చేస్తారు?

గోదారిగట్టు:
మాస్టారూ, తలలు లెక్కపెట్టకండి, ఆ తలల మీద ఎవరి జెండా ఉందో చూడండి. ఊరి చౌకీదారును ఇద్దరు కొడితే ఊరిలోనే తేలిపోతుంది. బ్రిటిష్ ఇండియా సిపాయి మీద చెయ్యి పడితే వెనక నుంచి యుద్ధనౌక వస్తుంది. ఆ భయమే అసలు కాపలా.

ఇంకో సంగతి. పైకి చెప్పిన కారణం ఏమిటి? అక్కడి అహ్వాజ్ పట్టణంలోని బ్రిటిష్ కాన్సులేట్ భద్రతను పెంచడానికి అని. వెళ్లింది మాత్రం బావుల దగ్గరికి. అంత న్యాయమైన పనికి ముసుగు ఎందుకు? ఎందుకంటే అంతకు కొద్ది నెలల ముందే, 1907 ఆగస్టు 31న, బ్రిటన్, రష్యా పర్షియాను కాగితం మీద పంచుకున్నాయి. ఉత్తరం రష్యాకు, ఆగ్నేయం బ్రిటన్‌కు, మిగిలింది ఎవరికీ చెందని తటస్థ మండలం. బావులున్నది ఆ తటస్థ మండలంలో. ఆ పంపకంలో పర్షియాను ఎవరూ సంప్రదించలేదు. అప్పటికి అక్కడ పార్లమెంటు ఏర్పడి ఏడాదే అయింది.

ముసాఫిర్:
నేను గల్ఫ్‌లో డ్రిల్లింగ్ పని చేసినవాణ్ని. జనావాసాలు లేనిచోట రిగ్గు అంటే చుట్టూ దొంగిలించదగ్గ ఇనుము, తాడు, ఇంధనం, ఆహారం. కాపలా లేకుండా వారం గడవదు. కనుక అవసరం లేదనే మాట నేను ఒప్పుకోను. కానీ స్థానికుడు కాస్తే అది కూలి ఒప్పందం, నచ్చకపోతే మార్చుకోవచ్చు. పరాయి సైన్యం కాస్తే ఆ చోటు ఎవరిది అన్న ప్రశ్న ఆ క్షణమే లేస్తుంది.

లెక్కల మాస్టారు:
ముసుగు సంగతి ఒప్పుకుంటాను, అది బాగాలేదు. కానీ మీరంతా తర్వాత జరిగింది తెలిసి వెనక్కి చదువుతున్నారు. 1908 మేలో ఖర్చు భరించలేక కంపెనీవాళ్లే చేతులెత్తేసే స్థితిలో ఉన్నారు. 1,600 అడుగుల దాకా తవ్వి, దొరకకపోతే మూటాముల్లె సర్దుకు రమ్మని రేనాల్డ్స్‌కు ఉత్తరం రాశారు. మే 26 తెల్లవారుజామున మస్జిదే సులేమాన్‌లో 1,180 అడుగుల దగ్గరే చమురు పైకి చిమ్మింది. సామ్రాజ్యం పాగా వేయాలని పన్నిన పథకమైతే, మూసేయమని ఉత్తరం రాయనిస్తుందా?

(విల్సన్ ఆ వార్తను ఎవరికీ అర్థం కాకుండా బైబిల్ కీర్తనల అంకెలతో తంతి పంపాడు. 104వ కీర్తనలో ముఖానికి మెరుపునిచ్చే నూనె ప్రస్తావన ఉంది. ఈ ఒక్క విషయంలో అతనికి మార్కులు వేయక తప్పదు.)

గోదారిగట్టు:
ఉత్తరం రాసింది కంపెనీ, రౌతుల్ని పంపింది ప్రభుత్వం. రెంటినీ కలిపేస్తే ఎలా మాస్టారూ?

మీ మార్కుల విల్సన్ కాపలా కాసి ఊరుకున్నాడా? ఖాళీ దొరికితే ఆ కొండల్ని, దారుల్ని కొలిచి పటాలు గీశాడు. తోట కాపలాకు వచ్చినవాడు ఊరంతా గొలుసు పట్టుకుని కొలుస్తుంటే మీరైతే ఏమనుకుంటారు? 1909లో మొహమ్మరా రేవు పట్టణంలో తాత్కాలిక కాన్సులయ్యాడు. ఆ ఏడే అక్కడి షేక్ ఖజల్‌తో, అబాదాన్‌లో శుద్ధి కర్మాగారానికి స్థలం కోసం, ఏటా 650 పౌండ్ల అద్దెకు ఒప్పందం కుదిరింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అదే చమురు కంపెనీలో కొలువు. కాపలాదారు, కొలతగాడు, రాయబారి, ఉద్యోగి, అన్నీ ఒకడే.

సిరామరక:
అందరూ విల్సన్ చుట్టూనే తిరుగుతున్నారు. ఆ ఇరవై మంది మాటేమిటి? రౌతు కొద్దీ గుర్రం అంటారు కదా, ఇక్కడ రౌతులే గుర్రాలు. భారత సైన్యాన్ని పోషించింది ప్రధానంగా భారత ఖజానా. ఆ ఖజానాలో మన గోదావరి, కృష్ణా రైతులు కట్టిన శిస్తు కూడా ఉంది. లండన్ పెట్టుబడిదారు బావికి కాపలా ఖర్చును ఇక్కడి నాగలి ఎందుకు మోయాలి? పాగానా కాదా అన్నదానికంటే నాకు ఈ ప్రశ్నే ముఖ్యం.

ఖాన్‌లకు 3 శాతం అన్నారు. ఏటా మందలతో ఆ కొండలు దాటే మామూలు బఖ్తియారీ గొర్రెలకాపరికి ఎంత శాతం?

లెక్కల మాస్టారు:
సిరామరక గారు, ఖజానా మాటకు నా దగ్గర జవాబు లేదు. మీరన్నది నిజం. అయినా 1908 నాటి ఆ గుడారాల్ని పాగా అనలేను. పాగా అంటే 1914. బ్రిటిష్ ప్రభుత్వం 22 లక్షల పౌండ్లు పోసి కంపెనీలో మెజారిటీ వాటా కొన్నది అప్పుడే. ఆ నవంబరులోనే భారతీయ దళాలు పక్కనున్న ఇరాక్ తీరంలో ఫావ్ దగ్గర దిగి బస్రా పట్టుకున్నాయి.

పాతపటం:
1915 ఫిబ్రవరిలో తెగలవారు చమురు గొట్టాల్ని తెగ్గొడితే మళ్లీ అహ్వాజ్‌కే సైన్యం వెళ్లింది మాస్టారూ. ఈసారి ఇరవై మంది కాదు, వేలల్లో. కాన్సులేట్ భద్రత అని చెప్పే శ్రమ కూడా తీసుకోలేదు.

లెక్కల మాస్టారు:
అది యుద్ధకాలం.

గోదారిగట్టు:
పర్షియా ఆ యుద్ధంలో తటస్థ దేశం మాస్టారూ.