పాత హోమ్ సర్వర్‌లో 8 టీబీ డ్రైవ్ కనిపించట్లేదు, డాక్‌లో మాత్రం పనిచేస్తోంది

పాతడబ్బా:
2010 నాటి మదర్‌బోర్డు, ఆరు సాటా (డ్రైవ్‌లు తగిలించే) పోర్టులు, లినక్స్. ఎక్స్‌టర్నల్ డబ్బా విప్పి తీసిన 8 టీబీ, 3.5 అంగుళాల డ్రైవ్ పెట్టాను. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచే ప్రోగ్రాం) లేదు, ఓఎస్‌లోనూ లేదు. అవే కేబుళ్లకు పాత 2 టీబీ డ్రైవ్ తగిలిస్తే వస్తోంది. కొత్తది యూఎస్‌బీ డాక్‌లో (డ్రైవ్‌ని బయటి నుంచి తగిలించే స్టాండు) నడుస్తోంది. బయాస్ అప్‌డేట్ చేయాలా?

కేబుల్‌మామ:
బయాస్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. పవర్ ఆన్ చేసి డ్రైవ్ మీద చెయ్యి ఆనించండి. తిరుగుతోందా? తిరుగుతూ కూడా కనిపించకపోతే పోర్టు, డేటా కేబుల్, కంట్రోలర్ చూడాలి. అసలు తిరగకపోతే తేడా పవర్ దగ్గరే.

పాతడబ్బా:
తిరగట్లేదు అన్నా, చప్పుడే లేదు. కెర్నల్ లాగ్‌లో (లినక్స్ రాసుకునే సందేశాల్లో) ఆ పోర్టుకి “సాటా లింక్ డౌన్” అని ఉంది.

మూడోపిన్ను:
అయితే 3.3 వోల్టుల గొడవే అనుకుంటున్నా. సాటా 3.3 స్పెసిఫికేషన్ (ఈ 3.3 వెర్షన్ నంబరు, వోల్టులు కాదు) వచ్చాక పవర్ కనెక్టర్‌లో 3వ పిన్నుకి “పవర్ డిసేబుల్” పని ఇచ్చారు. అక్కడ వోల్టేజి ఉన్నంతసేపూ డ్రైవ్ లేవదు. పాత పవర్ సప్లైలు 1, 2, 3 పిన్నులకు 3.3 వోల్టులు పంపుతూనే ఉంటాయి. పాత డ్రైవ్ దాన్ని పట్టించుకోదు కాబట్టి నడుస్తుంది. డాక్‌లో సాధారణంగా 12, 5 వోల్టులే ఉంటాయి, అందుకే అక్కడ ఇబ్బంది రాలేదు.

పవర్ తీసేసి, డ్రైవ్ మీది పవర్ కనెక్టర్‌లో డేటా కనెక్టర్ వైపు నుంచి లెక్కపెట్టి 3వ పిన్ను మీద సన్నటి కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే, కరెంటు పారనివ్వని టేపు) అంటించండి. ఒక్కదానికే అంటించడం కుదరకపోతే మొదటి మూడూ కప్పేయొచ్చు, 4వది మాత్రం ముట్టుకోకండి, అది గ్రౌండ్. మామూలు సెల్లోటేప్ వద్దు. వేడికి జిగురు కారుతుంది, కనెక్టర్ తోసేటప్పుడు జారిపోతుంది.

కేబుల్‌మామ:
మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకి మార్చే అడాప్టర్ కూడా సరిపోతుంది, మోలెక్స్‌లో 3.3 వోల్టుల తీగే ఉండదు. కానీ ప్లాస్టిక్‌ని తీగల చుట్టూ పోతపోసినవి కొనకండి. లోపల తీగలు దగ్గరై షార్టయి కాలిపోయే రకం అవి. తీగలు విడివిడిగా క్రింప్ చేసినవి (లోహపు పిన్నులో నొక్కి బిగించినవి) తీసుకోండి.

పాతడబ్బా:
టేపు అంటించాక తిరిగింది, 8 టీబీ పూర్తిగా చూపిస్తోంది. కానీ డాక్‌లో ఉండగా కాపీ చేసిన ఫైళ్లు లేవు, పార్టిషనే (డ్రైవ్‌లో ఫైళ్లుండే భాగం) లేదంటోంది.

మూడోపిన్ను:
ఫార్మాట్ నొక్కకండి! డేటా పోయి ఉండకపోవచ్చు. కొన్ని యూఎస్‌బీ డాక్‌లు డ్రైవ్‌ని 4096 బైట్ల సెక్టార్లుగా (డేటా రాసే చిన్న గళ్లుగా) చూపిస్తాయి, నేరుగా సాటాకి పెడితే అదే 512 అవుతుంది. అప్పుడు పార్టిషన్ టేబుల్‌లోని (ఏ భాగం ఎక్కడుందో రాసి ఉండే పట్టిక) లెక్కలు తప్పుతాయి. రెండు చోట్లా ఎఫ్‌డిస్క్‌లో (డిస్క్ వివరాలు చూపే లినక్స్ కమాండు) లాజికల్ సెక్టార్ సైజు చూసి పోల్చండి. తేడా ఉంటే అదే డాక్‌లో మళ్లీ పెట్టి ఫైళ్లు వేరే డ్రైవ్‌కి తీసుకోండి. ఆ తర్వాతే సర్వర్‌లో కొత్తగా జీపీటీ టేబుల్ (కొత్త రకం పార్టిషన్ టేబుల్) వేయండి. ఎంబీఆర్ (పాత రకం టేబుల్) వేస్తే 512 బైట్ల సెక్టార్లతో సుమారు 2.2 టీబీ దగ్గరే ఆగిపోతుంది.