లాగర్‌లో వెన్న వాసన: పారబోయాలా, బాగు చేయొచ్చా?

అన్నలూ, అక్కలూ, ఒక సాయం కావాలి. మేం చికాగో దగ్గర ఉంటాం. మూడు వారాల క్రితం బేస్‌మెంట్‌లో ఐదు గ్యాలన్ల లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) కాచాను. ఏల్ (వెచ్చగా పులియబెట్టే బీరు) నాలుగైదు సార్లు చేశాను గానీ లాగర్ ఇదే మొదలు. మొదటి రోజు నుంచీ 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంచాను. బీరు సాంద్రత చూపే హైడ్రోమీటర్ రీడింగ్ 1.048 నుంచి 1.013కి దిగింది (చక్కెర పులిసే కొద్దీ ఇది తగ్గుతుంది). నిన్న రుచి చూస్తే సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన, నాలుక మీద జిడ్డు. వచ్చే నెల మా బావగారు వస్తున్నారు, ఆయన కోసమే పెట్టాను. పారబోయక తప్పదా? చాలా టెన్షన్‌గా ఉంది.

—

పారబోయకు తమ్ముడూ. సీసాల్లోకి కూడా ఎక్కించకు. ఫెర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) అడుగున ఉన్న ఈస్ట్ మీద నుంచి బీరును తీయకు, నిన్ను గట్టెక్కించేది అదే.

ఆ వెన్న వాసన డయాసిటైల్‌ది. ఈస్ట్ పెరిగేటప్పుడు దాని ముడిరూపాన్ని బయటికి వదులుతుంది, అది బీరులో మెల్లగా డయాసిటైల్ అవుతుంది. పులవడం చివర్లో అదే ఈస్ట్ దాన్ని మళ్లీ లోపలికి తీసుకుని, దాదాపు వాసన తెలియని పదార్థంగా మార్చేస్తుంది. 10 డిగ్రీల్లో ఈ పని బాగా నెమ్మదిస్తుంది. చలికాలంలో దోసె పిండి పొంగకపోతే లైటు వేసిన అవెన్‌లో పెడతాం కదా, నీ ఈస్ట్‌కీ ఇప్పుడు కావలసింది కాస్త వెచ్చదనమే. ఫెర్మెంటర్‌ని 18–20 డిగ్రీలుండే గదిలోకి మార్చి, కదపకుండా మూడు నాలుగు రోజులు వదిలెయ్. మూత తెరిచి కలపొద్దు, గాలి తగిలితే అట్టముక్క రుచి వస్తుంది.

ఆ తర్వాత ఈ పరీక్ష చెయ్యి, నేను ప్రతి లాగర్‌కీ చేస్తాను. రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం బీరు పోసి మూత పెట్టు. ఒకదాన్ని 60–65 డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి చల్లార్చు. రెండూ వాసన చూడు. వేడి చేసినదాంట్లో వెన్న వాసన వస్తే ముడిరూపం ఇంకా మిగిలి ఉన్నట్టే, మరో రెండు మూడు రోజులు ఆగాలి. ఈ పరీక్ష చేయకుండా సీసాల్లో నింపితే, బాగుందనుకున్న బీరులోనే కొన్ని వారాలకు మళ్లీ వెన్న తేలుతుంది.

వారమైనా తగ్గకపోతే ఈస్ట్ అలసిపోయిందనుకో. అప్పుడు ఒక లీటరు వోర్ట్‌లో (పులియని తీపి మాల్ట్ నీళ్లలో) కొత్త ఈస్ట్ వేసి, అది జోరుగా పొంగుతున్నప్పుడు తోడు వేసినట్టు బీరులో కలుపు. పొడి ఈస్ట్‌ను నేరుగా చల్లితే ఆల్కహాల్‌లో సరిగా లేవదు.

ఒక్కటి చూసుకో: పుల్లదనం గానీ, తీగ సాగడం గానీ, పైన తెల్లటి పొర గానీ ఉందా? ఉంటే బ్యాక్టీరియానో, బయటి ఈస్టో చేరినట్టే, దాన్ని బాగు చేయలేం.

—

అన్నా, నాదీ ఇలాంటి బాధే, కానీ వెన్న కాదు, బ్యాండ్‌ఎయిడ్ వాసన. వెచ్చబెడితే పోతుందా?

—

పోదమ్మా, చెప్పడానికి బాధగానే ఉంది. అది ఎక్కువగా కుళాయి నీళ్లలోని క్లోరిన్ వల్ల పుట్టే క్లోరోఫినాల్. ఈస్ట్ దాన్ని తినదు. ఈసారి కాచే ముందు ఐదు గ్యాలన్ల నీళ్లకు క్లోరిన్‌ని విరిచే క్యాంప్డెన్ మాత్ర పావు ముక్క పొడి చేసి కలుపు. పాత్రలు కడగడానికి బ్లీచ్ వాడుతుంటే మానెయ్.

—

అన్నా, పుల్లదనం, పొర ఏమీ లేవు. పైన గదిలో పెట్టి ఈరోజుకి ఐదో రోజు. నిన్న పరీక్ష చేస్తే వేడి గ్లాసులో కొంచెం వచ్చింది, ఈరోజు రెండింట్లోనూ లేదు! మా ఆవిడతోనూ చూపించాను, తనకీ తెలియలేదు. రీడింగ్ 1.011. సీసాల్లో నింపేయొచ్చా?

—

సంతోషం తమ్ముడూ. కానీ 1.013 నుంచి ఇంకా దిగింది కదా. రెండు రోజులాగి మళ్లీ చూడు. అదే 1.011 ఉంటేనే నింపు, లేకపోతే సీసాల్లో ఇంకా పులిసి, గ్యాస్ పుట్టి అవి పగిలే ప్రమాదం ఉంది.