వాల్యూయర్ లైసెన్సు: ఐబీబీఐ ముందా, 34ఏబీ ముందా? వైజాగ్‌లో చేస్తున్నవాళ్లు చెప్పండి

మధురవాడ_సివిల్:
అందరికీ నమస్తే. బీటెక్ సివిల్ చదివాను, ఆరేళ్లుగా ఒక బిల్డర్ దగ్గర సైట్ ఇంజనీరుని. ఇళ్లు, స్థలాల వాల్యుయేషన్ (విలువ కట్టే పని) వైపు రావాలని ఉంది. ఒకాయనేమో ఐబీబీఐ (కేంద్ర దివాలా బోర్డు) పరీక్ష రాసెయ్ అంటాడు. ఇంకొకాయన ఇన్‌కమ్ ట్యాక్స్ రిజిస్ట్రేషన్ (సెక్షన్ 34ఏబీ) లేకపోతే బ్యాంకులు పిలవవంటాడు. ఏది ముందు? ఉద్యోగం చేస్తూ కుదురుతుందా? లైసెన్సు వచ్చాక కూడా క్లాసులకి వెళ్లాలట, అది నిజమేనా?

సీతమ్మధార_పెద్దాయన:
ఇద్దరూ అబద్ధం చెప్పలేదు బాబూ. రెండూ వేరు వేరు చట్టాలు. కంపెనీల చట్టం సెక్షన్ 247 కింద 2017లో రూల్స్ వచ్చాయి, దానికి ఐబీబీఐ పెద్ద. కంపెనీల ఆస్తులు, దివాలా కేసులు ఆ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లవే. రెండోది వెల్త్ ట్యాక్స్ చట్టం 34ఏబీ. వెల్త్ ట్యాక్స్ 2015 బడ్జెట్‌లోనే పోయింది, ఈ రిజిస్ట్రేషన్ మాత్రం అప్పుడు పోలేదు. సర్ఫేసీ (అప్పు కట్టని ఆస్తిని బ్యాంకు వేలం వేసే చట్టం) రూల్స్‌లో ‘అప్రూవ్డ్ వాల్యూయర్’ అంటే 34ఏబీ కింద నమోదై, బ్యాంకు బోర్డు ఆమోదించిన మనిషే. వేలానికి పెట్టే ఆస్తుల పని కావాలంటే అది ఉండాలి.

నీ విషయానికొస్తే, 34ఏబీకి డిగ్రీ తర్వాత పదేళ్ల అనుభవం అడుగుతారు. ఐబీబీఐకి ఐదేళ్లు చాలు. కాబట్టి ముందు ఏదో నువ్వే తేల్చుకోనక్కర్లేదు, నీ ఆరేళ్ల అనుభవమే తేల్చేసింది.

గాజువాక_ప్లాంట్:
నాది ప్లాంట్ అండ్ మెషినరీ క్లాసు (యంత్రాల విలువ కట్టే విభాగం), అయినా వరస ఒకటే. ముందు ఒక ఆర్‌వీఓలో (ఐబీబీఐ గుర్తించిన వాల్యూయర్ల సంస్థ) చేరాలి, వాళ్ల 50 గంటల కోర్సు చెయ్యాలి, తర్వాత పరీక్ష. నేను రాసినప్పుడు రెండు గంటల్లో 90 ప్రశ్నలు, వంద మార్కులకి 60 వస్తే పాసు, తప్పుకి పావు మార్కు కోత. పాసయ్యాక మూడేళ్లలోపు రిజిస్ట్రేషన్‌కి అప్లై చేయాలి, దాటితే మళ్లీ రాయాలి. అప్లికేషన్ ఫీజు ఐదు వేలు, తిరిగి రాదు.

సివిల్ వాళ్లకి లెక్కలు భయం కాదు. దెబ్బ కొట్టేది చట్టాలు. ఆస్తి బదిలీ చట్టం, భూసేకరణ, రెరా, స్టాంపులు, దివాలా కోడ్ అన్నీ కలిపి అడుగుతారు. సైట్లో స్లాబ్ పోయించేవాడికి ఈజ్‌మెంట్ (పక్కవాడి స్థలంలో దారిలాంటి హక్కు) గురించి ఎవరు చెప్పారు చెప్పండి?

మధురవాడ_సివిల్:
థాంక్స్ సార్. మరి ఉద్యోగం?

ఎంవీపీ_వాల్యూయర్:
కోర్సు, పరీక్ష ఉద్యోగంలో ఉండి కానిచ్చుకోవచ్చు. ప్రాక్టీసు అలా కుదరదు. రూల్స్ ప్రకారం ప్రాక్టీసు చేసే రిజిస్టర్డ్ వాల్యూయర్ ఉద్యోగం చేయకూడదు. చేయాలంటే ఆర్‌వీఓ సభ్యత్వాన్ని తాత్కాలికంగా సరెండర్ చేయాలి. బిల్డర్ దగ్గర జీతం తీసుకుంటూ అదే బిల్డర్ ఫ్లాట్లకి విలువ కట్టడమంటే, అది ఎవరికైనా కంపు కొడుతుంది.

ఇంకో మాట. విలువ ఎక్కువ వేస్తే ఫీజు ఎక్కువ ఇస్తామనేవాళ్లు తగులుతారు. సక్సెస్ ఫీజు నిషేధం. ఒక క్లయింటు నాతో ‘మేడం, లోన్ సాంక్షనైతే చూసుకుందాం’ అన్నాడు. ఫైల్ వెనక్కి ఇచ్చేశాను. ప్రతి పని రికార్డూ కనీసం మూడేళ్లు దాచాలి, నేను ఫొటోలతో సహా అంతకంటే ఎక్కువే దాస్తాను.

క్లాసుల సంగతి: నిజమే. సభ్యులకి నిరంతర విద్య ఏర్పాటు చేయడం ఆర్‌వీఓ బాధ్యత అని రూల్స్‌లోనే ఉంది. ఆ క్లాసుల (సీఈపీ) గంటలు ఎలా లెక్కేస్తారో, ఆన్‌లైన్ ఒప్పుకుంటారో లేదో చేరేముందే అడిగి తెలుసుకోండి.

పెందుర్తి_సర్వే:
ఆ క్లాసులు నాకు అంతగా నచ్చవు. చాలావాటిలో పాత స్లైడ్లే. ముంబై అపార్ట్‌మెంట్ ఉదాహరణలతో మన ఊరి పని నడవదు. ఇక్కడ విలువ కట్టాలంటే ముందు ఆ స్థలం 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు) ఉందా చూడాలి. డీ పట్టానా (ప్రభుత్వం ఇచ్చిన భూమి), జిరాయితీనా (సొంత పట్టా భూమి) చూడాలి. వేపగుంట, అడివివరం వైపైతే సింహాచలం పంచగ్రామాల గొడవ (భూములు దేవస్థానానివా, జనానివా అని). భీమిలి బీచ్ వైపైతే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నిర్మాణ ఆంక్షల) మ్యాపు. గజం రేటు పక్క లేఅవుట్‌దే వేసి సంతకం పెడితే బ్యాంకు రేపు మన పీక మీదకి వస్తుంది.

ఎంవీపీ_వాల్యూయర్:
స్లైడ్లు పాతవే, ఒప్పుకుంటాను. కానీ చట్టం మారినప్పుడు మాత్రం క్లాసు కూర్చోవాల్సిందే. ఉదాహరణకి క్యాపిటల్ గెయిన్స్, అంటే ఆస్తి అమ్మిన లాభం మీద పన్ను. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న స్థలాలకి ఆ రోజు విలువ కట్టివ్వమని చాలామంది వస్తారు. 2020 బడ్జెట్ నుంచి భూములు, ఇళ్లకి ఆ విలువ ఆ రోజు స్టాంప్ డ్యూటీ విలువని దాటకూడదు. అది తెలియక ఇంకా ఇష్టమొచ్చినట్టు వేసిచ్చేవాళ్లు నాకు తెలుసు. 2024 జూలై 23 నుంచి వచ్చిన ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధర పెంచి లెక్కేయడం) మార్పు కూడా అంతే. క్లయింటు ఆడిటర్ ముందు మనం నోరెళ్లబెట్టకూడదు.

పెందుర్తి_సర్వే:
ఆ రెండూ నాకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటరే చెప్పాడు మేడం 🙂

సీతమ్మధార_పెద్దాయన:
రైటర్ చెప్పింది రిపోర్టులో ఆధారంగా రాయలేం కదా నాయనా.

మధురవాడ_సివిల్:
చివరిగా ఒకటి. రిజిస్ట్రేషన్ వచ్చిందంటే బ్యాంకు ప్యానెల్‌లో (బ్యాంకు పని ఇచ్చే వాల్యూయర్ల జాబితా) చోటు దానంతటదే వస్తుందా?

ఎంవీపీ_వాల్యూయర్:
రాదు. ఏ బ్యాంకు ప్యానెల్ ఆ బ్యాంకుదే, అర్హతలూ వాళ్లవే. 50 కోట్లు, ఆపైన విలువున్న ఆస్తికైతే ఇద్దరు స్వతంత్ర వాల్యూయర్ల రిపోర్టులు తీసుకోమని ఆర్‌బీఐ మాట. ఆ స్థాయి ఫైళ్లు కొత్తవాళ్ల దాకా రావు. మొదట్లో హౌసింగ్ లోన్ ఫ్లాట్లు, వీసాలకి ఆస్తి విలువ పత్రాలు, కుటుంబ పంపకాలు, వాటితోనే నడుస్తుంది. ప్యానెల్ నోటిఫికేషన్లు బ్యాంకు వెబ్‌సైట్లలో వస్తాయి, డిగ్రీ తర్వాతి అనుభవ పత్రాలు ఇప్పుడే మీ బిల్డర్ లెటర్‌హెడ్ మీద తేదీలతో తీసుకోండి. మానేశాక అడిగితే ఇవ్వడానికి తిప్పుతారు.

మధురవాడ_సివిల్:
సోమవారమే అడుగుతాను మేడం.