ఆర్కేడ్ క్యాబినెట్ సైడ్ ఆర్ట్: సిరిమాను, కోడి రామ్మూర్తి బొమ్మలు వేయిద్దామనుకుంటున్నాను, సలహా కావాలి

నాగావళి_ఒడ్డు:
అందరికీ నమస్తే. శ్రీకాకుళంలో మా ఇంట్లోనే ఆర్కేడ్ క్యాబినెట్ (నిలబడి వీడియో గేములు ఆడే పెట్టె) కడుతున్నాను. 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క పొడితో చేసిన బోర్డు), లోపల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, పాత మానిటర్. చెక్కపని అయిపోయింది, ఇక పక్కల బొమ్మలే మిగిలాయి. అందరూ పెట్టే ప్యాక్‌మ్యాన్ నాకొద్దు. ఎడమ వైపు విజయనగరం పైడితల్లమ్మ పండగలో పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను, కుడి వైపు మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు రెండు కార్లను తాళ్ళతో పట్టి ఆపుతున్న బొమ్మ. ఫైలు ఏ సైజులో చెయ్యాలి? ఫ్లెక్సీ షాపులో వేసే వినైల్ స్టిక్కర్ సరిపోతుందా? లామినేషన్ గ్లాసీయా, మ్యాటా? అంచులకి కొట్టే ప్లాస్టిక్ పట్టీ, అదే టీ మోల్డింగ్, ముందా, స్టిక్కర్ ముందా? పైన పేరుండే బోర్డుకి, అంటే మార్కీకి, లైటు ఎలా పెట్టాలి?

మూడులాంతర్లు:
సిరిమాను పేరు చూడగానే ప్రాణం లేచొచ్చిందండీ, మాది విజయనగరమే. ఇంత నిలువు ప్యానెల్‌కి అంతకన్నా కుదిరే బొమ్మ లేదు. మాను కింద వెనక మూల నుంచి వాలుగా పైకి లేవాలి, కొసన పూజారి సరిగ్గా మార్కీ పక్కకి రావాలి. కంట్రోల్ ప్యానెల్ (బటన్లుండే పలక) ముందుకొచ్చే చోట జనం, వెనక కోట. ఇంకో మాట, మెషీన్ ఏ మూల పెడతారో ముందే తేల్చుకోండి. గోడకి ఆనే పక్క ఎంత బాగా వేయించినా ఎవరికీ కనపడదు.

గంటస్తంభం:
అమ్మవారి సంబరాన్ని ఆటల పెట్టె మీద వేస్తారా? ఆడేవాళ్ళ మోకాళ్ళు, చెప్పులు తగిలేది ఆ పక్కలకే. పైడితల్లమ్మ పూజారికి కల్లో కనిపించి చింతమాను ఎక్కడుందో చెబుతుందని నమ్మే ఊరండీ మాది. వద్దు.

మూడులాంతర్లు:
పండగకి ఊరంతా ఫ్లెక్సీలు కడతారు. మర్నాడు అవే అమ్మవారి బొమ్మలు ఏ కాలవలో పడుంటాయో మీరూ చూసే ఉంటారు. వాళ్ళని ఒక్క మాట అనరు గానీ, ఇంట్లో ఇష్టంగా వేసుకునేవాణ్ణి తప్పుపడతారా?

పొందూరు_నూలు:
అది మీరూ మీరూ తేల్చుకోండి, నేను ఫైలు సంగతి చెప్తాను. పక్క 66 అంగుళాల ఎత్తు, 30 వెడల్పు అనుకుంటే 150 డీపీఐకి (అంగుళానికి 150 చుక్కలు) 9900 x 4500 పిక్సెళ్ళు కావాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోని సాగదీస్తే మొహం మసకబారిపోతుంది. ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో వెక్టర్‌గా (ఎంత పెంచినా మసకబారని గీతలుగా) గీయండి. చుట్టూ అర అంగుళం రంగు అదనంగా వదలండి, కోసేటప్పుడు తెల్ల గీత పడకుండా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం తెలుగు అక్షరాలు. మా ఊరి షాపులో ‘రామ్మూర్తి’ అని ఇస్తే ఒత్తులన్నీ విడిపోయి ‘రామ్‌మూర్‌తి’ అని రెండడుగుల అక్షరాల్లో ప్రింటయి వచ్చింది. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ సరిగా పడలేదు. అక్షరాలన్నీ కర్వ్స్‌గా (ఫాంటు అక్కర్లేని గీతలుగా) మార్చాకే ఫైలు ఇవ్వండి.

స్టిక్కర్_బాస్:
ఆటోల నుంచి అంబులెన్సుల దాకా స్టిక్కరింగ్ చేస్తున్నవాణ్ణి, నా మాట వినండి. ఫ్లెక్సీ గుడ్డ వద్దు, వినైల్ మీదే వేయించండి. మ్యాట్ లామినేషన్ చేయించండి, గ్లాసీ అయితే ట్యూబులైటు అందులోనే కనిపిస్తుంది. ప్రింటయిన వెంటనే లామినేట్ చెయ్యనివ్వొద్దు, సాల్వెంట్ ఇంకు ఒక రోజన్నా ఆరాలి. లేకపోతే అంచులు చుట్టుకుపోతాయి. అంటించేటప్పుడు షాంపూ నీళ్ళు బాగా కొట్టండి, స్టిక్కర్ ఎటు కావాలంటే అటు జరుగుతుంది, బుడగ రాదు.

టెక్కలి_వడ్రంగి:
ఏటండీ మీరు చెప్పేది? ఎండీఎఫ్ మీద నీళ్ళా? కోసిన అంచులోకి నీరు దిగితే నానిన అటుకుల్లా ఉబ్బుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. ఆ నాగావళి_ఒడ్డు గారు చెక్కపని అంతా చేసుకుని ఇప్పుడు మీ షాంపూకి బలి కావాలా?

స్టిక్కర్_బాస్:
మీరు చెక్క చూశారు, నేను స్టిక్కర్ చూశాను. ఐదున్నర అడుగుల ముక్కని పొడిగా వంకర లేకుండా అంటించి చూపించండి. ఒక్కసారి జిగురు పట్టిందంటే పీకడం కుదరదు, పీకితే సాగుతుంది.

టెక్కలి_వడ్రంగి:
అంబులెన్సు ఇనుమండీ, నీళ్ళు పీల్చదు. పొడిగా అంటించడానికి పద్ధతి ఉంది. స్టిక్కర్‌ని చోటులో పెట్టి నడిమికి అడ్డంగా మాస్కింగ్ టేపు వెయ్యండి. పై సగం మడిచి, వెనక కాగితం ఒలిచి కత్తిరించి, నడిమి నుంచి పైకి గుడ్డ చుట్టిన స్క్వీజీతో (నొక్కే ప్లాస్టిక్ పలకతో) నొక్కుతూ పోండి. తర్వాత టేపు తీసి కింద సగం కూడా అలాగే. ఇద్దరు మనుషులుంటే చాలు.

కళింగపట్నం_గాలి:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఒట్టి ఎండీఎఫ్ మీద నీళ్ళతో అంటించినా, పొడిగా అంటించినా నిలవదు, జిగురు పొడిని పట్టుకుంటుంది. ముందు 220 ఎమరీ పేపరు, తర్వాత ప్రైమర్, ఎనామిల్ కోటింగ్. అంచులకి రెండు సార్లు ప్రైమర్. పెయింటు పూర్తిగా ఆరాకే స్టిక్కర్. సముద్రం గాలి తగిలే మా ఊళ్ళో ఇది చెయ్యకపోతే వానాకాలానికే మూలలు లేస్తాయి. అంచులు సీల్ అయ్యుంటే కాసిని షాంపూ నీళ్ళతో ప్రమాదం లేదు.

స్టిక్కర్_బాస్:
నేనూ అదే అన్నాను.

టెక్కలి_వడ్రంగి:
అనలేదు. పైన చదువుకోండి.

బొబ్బిలి_వీణ:
అసలు స్టిక్కరే ఎందుకండీ? 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్‌కి అమెరికాలో మిడ్‌వే కంపెనీ చేసిన క్యాబినెట్ పక్కలు స్టెన్సిల్ పెట్టి రంగులు కొట్టినవే. పసుపు నేల మీద ఒక్కో రంగుకి ఒక్కో స్టెన్సిల్. మన దగ్గర గోడల మీద చేత్తో పేర్లు రాసే ఆర్టిస్టులు ఫ్లెక్సీలొచ్చాక పని లేక కూర్చున్నారు. వాళ్ళ చేత వేయించండి, ఆ గీతలో ఉన్న జీవం ప్రింటులో రాదు.

స్టిక్కర్_బాస్:
వేయించవచ్చు. కానీ పిల్లలు గీకితే మళ్ళీ ఆర్టిస్టుని పిలవాలి. లామినేషన్ అయితే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

వీరఘట్టం_వాణ్ణి:
రామ్మూర్తి గారు పుట్టింది మా ఊళ్ళో. 2022లో జిల్లాలు మారాక మేం పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాం, ఆయన మాత్రం శ్రీకాకుళం వాళ్ళకీ మనిషే, అక్కడ స్టేడియానికి ఆయన పేరే ఉంది. విజయనగరంలో వ్యాయామం నేర్పారు కాబట్టి వాళ్ళూ వదులుకోరు. నాగావళి గారూ, ఆ కార్ల బొమ్మ మార్చండి. చేతులు చాపి రెండు పక్కలా కార్లు పెట్టాలంటే వెడల్పు కావాలి. మీ ప్యానెల్ 30 అంగుళాలే ఉంటే ఆయన గుప్పెడంత అవుతారు, కార్లే కనిపిస్తాయి. ఒంటికి చుట్టిన గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపేవారు కదా, అది వెయ్యండి. నిలువు మనిషి, ఛాతీ సరిగ్గా కళ్ళ ఎత్తున, తెగి ఎగిరే గొలుసు ముక్కలు ముందు వంపు వైపు. మీసం మాత్రం తగ్గించొద్దు.

నాగావళి_ఒడ్డు:
గొలుసు ఆలోచన చాలా బాగుందండీ, అదే గీయిస్తాను. సిరిమాను మీద గంటస్తంభం గారి మాట ఇంట్లో అమ్మ కూడా అంది. అందుకని మోకాళ్ళ ఎత్తు దాకా ఒట్టి ఎర్ర రంగు వదిలి, మాను, జనం దానిపైనే మొదలయ్యేలా చేస్తున్నాను. లైటు సంగతి, టీ మోల్డింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

గంటస్తంభం:
నాకిప్పటికీ ఇష్టం లేదు. కానీ మీ అమ్మగారు ఒప్పుకుంటే నేనెవర్ని.

పొందూరు_నూలు:
మార్కీకి వినైల్ కాదు, బ్యాక్‌లిట్ ఫిల్మ్ (వెనక నుంచి వెలుగు దాటే ఫిల్మ్) మీద ప్రింటు వేయించి రెండు యాక్రిలిక్ ముక్కల మధ్య పెట్టండి. వెనక 12 వోల్టుల తెల్ల ఎల్ఈడీ స్ట్రిప్ చాలు. స్ట్రిప్‌ని కాస్త వెనక్కి జరపండి, లేకపోతే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

టెక్కలి_వడ్రంగి:
టీ మోల్డింగ్ ఆఖర్న. స్టిక్కర్ అంటించి, అంచు వెంట కొత్త బ్లేడుతో కోసి, అప్పుడు గాడిలో మోల్డింగ్‌ని రబ్బరు సుత్తితో దిగ్గొట్టండి. కోసిన అంచుని అది కప్పేస్తుంది. గాడి ఇంకా తియ్యకపోతే మాత్రం రంగు వెయ్యకముందే తీసేయండి, ఆ గాడి లోపల కూడా ప్రైమర్ పట్టించండి.