డయల్ మీద పేరు మారితే అది మాడా, డూప్లికేటా?

కెరటం42
వాచీ కేసు, అంటే బయటి డబ్బా, సీకో ఎస్‌కేఎక్స్007 మోడల్‌ది, లోపల సీకోదే ఎన్‌హెచ్35 మెషిను, పైన సఫైర్ అద్దం, అద్దం చుట్టూ తిరిగే బెజెల్ రింగుకి సెరామిక్ ఇన్‌సర్టు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. కానీ డయల్ మీద కిరీటం బొమ్మ, కింద రోలెక్స్ సబ్‌మెరైనర్ అని అక్షరాలు! ఇలాంటివి ‘సీకో మాడ్’, అంటే భాగాలు మార్చి కట్టిన సీకో వాచీ, అన్న పేరుతో అమ్మకానికి వస్తున్నాయి. లోపల సీకో మెషినే ఉందని చెప్పి మరీ అమ్ముతున్నాం, ఇందులో మోసం ఏముంది అని అమ్మేవాళ్ళ వాదన. నా లెక్కలో అది మాడ్ కాదు, ఫస్ట్ కాపీ. మొదట కొన్నవాడికి చెప్పారు సరే, రేపు వాడి దగ్గర కొనేవాడికి ఎవరు చెబుతారు? ఇన్విక్టా 8926 కూడా సబ్‌మెరైనర్ పోలికే, అందులోనూ ఎన్‌హెచ్35 మెషినే. కానీ డయల్ మీద ఇన్విక్టా అనే ఉంటుంది. పోలిక తెచ్చుకోవడం వేరు, పేరు తగిలించుకోవడం వేరు. కాదంటారా?

బెజెల్ బాబాయ్
కాదనే అంటాను. ఎస్‌కేఎక్స్ కేసు 42.5 మి.మీ., దాని కీ 4 గంటల దగ్గర ఉంటుంది. పాత 16610 మోడల్ సబ్‌మెరైనర్ 40 మి.మీ., కీ 3 దగ్గర. వాచీల మొహం ఎరిగినవాడెవడూ ఈ రెంటినీ కలగలపడు. ఇక తెలియనివాడు అంటారా, వాడు ఇన్విక్టాని చూసినా రోలెక్సే అనుకుంటాడు.

మీ సూత్రాన్ని గట్టిగా పట్టుకుంటే మాడ్ అన్నదే మిగలదు. సీకో డయల్ తీసి పేరు లేని డయల్ వేశామనుకోండి, వెనక మూత మీద సీకో అనే ఉంటుంది, లోపల మాత్రం వేరే మెషిను. దాన్నీ డూప్లికేట్ అంటారా?

చెప్పి అమ్మితే తప్పు లేదని కోర్టే అన్న కేసు ఉంది. అమెరికాలో వోర్టిక్ అనే చిన్న కంపెనీ పాత హామిల్టన్ జేబు గడియారాల మెషిన్లు బాగుచేసి చేతి వాచీలుగా అమ్మింది. హామిల్టన్ అన్న పేరు అలాగే ఉంచింది. హామిల్టన్ దావా వేస్తే, 2021లో అప్పీలు కోర్టు కూడా వోర్టిక్ వైపే తీర్పు ఇచ్చింది.

సెక్షన్ సుబ్బారావు
బాబాయ్ గారూ, ఆ కేసు మీకే ఎదురు తిరుగుతుంది. అక్కడ హామిల్టన్ అన్న పేరు హామిల్టన్ తయారుచేసిన మెషిను మీదే ఉంది. వోర్టిక్ తన పేరు కూడా వేసుకుంది, ప్రకటనల్లో అంతా విప్పి చెప్పింది. ఇక్కడ రోలెక్స్ ఫ్యాక్టరీ గడప దాటి వచ్చిన ముక్క ఒక్కటీ లేదు.

మన దగ్గర 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ఉంది. తప్పుడు మార్కు వేస్తే 103వ సెక్షన్, అలాంటి సరుకు అమ్మితే 104. రెంటికీ 6 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. డూప్లికేట్ అని నోటితో చెప్పి అమ్మినా ఆ సరుకు మీద తప్పుడు మార్కు ఉన్నట్టే.

సీకో కేసులో వేరే మెషిను వేసిన దాని గురించి అడిగారు. దానికి 30వ సెక్షన్‌లోని 4వ ఉపవిభాగం చదవాలి. ఒకసారి అమ్మిన సరుకు చేతులు మారుతుంటే కంపెనీ అడ్డుకోలేదు, కానీ సరుకు స్థితి మారినా, పాడైనా అభ్యంతరం చెప్పవచ్చు. అంటే మాడ్ వాచీ కూడా కాస్త గీత మీదే నడుస్తోంది. ఇలా ఇలా మార్చాం అని రాసి అమ్మితే వాదించుకునే చోటు ఉంటుంది. లేని పేరు తెచ్చి వేస్తే ఆ చోటూ ఉండదు.

గాస్కెట్ గిరి
పేరు గురించి కొట్టుకుంటున్నారు గానీ, అదే డయల్ మీద కింది లైను ఎవరూ చూసినట్టు లేదు. 1000 అడుగులు, 300 మీటర్లు అని ఉంటుంది. ఎస్‌కేఎక్స్ తయారైంది 200 మీటర్లకి. అదీ ఫ్యాక్టరీలో మూత బిగించిన నాటి మాట. అద్దం ఒత్తి తీసి, కీ మార్చి, మూత తిప్పాక ఆ 200 కూడా చెల్లదు. డైవింగ్ వాచీల ప్రమాణం ఐఎస్ఓ 6425 ప్రకారం రాసిన లోతుకి 25 శాతం ఎక్కువ ఒత్తిడి తట్టుకోవాలి, అంటే 200 మీటర్లకి దాదాపు 25 బార్ (ఒక బార్ అంటే సుమారు 10 మీటర్ల నీటి ఒత్తిడి). మామూలుగా దొరికే బుడగల టెస్టరు 6 బార్ దగ్గరే ఆగిపోతుంది.

మాడ్‌లో నీళ్ళు ఎక్కువగా దూరేది అద్దం అంచు నుంచి. 31.5 మి.మీ. డోమ్ (ఉబ్బెత్తు) అద్దాన్ని చదునైన డైతో, అంటే నొక్కుడు దిమ్మతో, నొక్కితే బరువంతా నడిమధ్యన పడుతుంది. మధ్యలో గుంట ఉండి అంచుకి మాత్రమే ఆనే డై వాడాలి. అద్దం ఒక పక్క ముందు దిగిందంటే నీళ్ళు ఆపే గాస్కెట్ రింగు నలిగి రెండో పక్క పైకి ఉబ్బుతుంది, అంచు చుట్టూ గోరు పెట్టి లాగితే తగులుతుంది. అప్పుడు ఇంకాస్త గట్టిగా నొక్కడం దండగ, తీసేసి కొత్త గాస్కెట్ వేయాల్సిందే. డయల్ చుట్టూ నిమిషాల గీతలుండే చాప్టర్ రింగు ఉండేది అద్దం కిందే కాబట్టి 12 దగ్గర గీతలు కలిశాయో లేదో నొక్కకముందే చూసుకోవాలి.

టెస్టు మొదట మెషిను లేని ఖాళీ కేసుతో చేయాలి. వాచీని నీళ్ళకి పైన వేలాడదీసి, గాలి ఎక్కించి, కొన్ని నిమిషాలు ఆగి నీళ్ళలోకి దించి మెల్లగా గాలి వదలాలి. బెజెల్ కింద ఇరుక్కున్న గాలి రెండు మూడు బుడగలు వదిలి ఊరుకుంటుంది. ఒకే చోటు నుంచి వరసగా వస్తుంటే లీకు అక్కడే. ఒత్తిడి సున్నాకి రాకముందే వాచీని పైకి లేపాలి, లేకపోతే లీకున్న చోట నుంచే నీళ్ళు లోపలికి పోతాయి.

మెషిను బిగించాక ఇంకొక పరీక్ష. వాచీని 40–45 డిగ్రీల వేడి పలక మీద బాగా వేడెక్కనిచ్చి, అద్దం మీద చల్లటి నీటి చుక్క వేసి, నిమిషం తరవాత తుడిచి చూడండి. అద్దం లోపల ఆవిరి పట్టిందంటే తేమ ఉన్నట్టే. విశాఖ, కాకినాడ ఉప్పగాలిలో ఏసీ లేని గదిలో మూత బిగిస్తే అసలు లీకే లేకున్నా ఈ ఆవిరి కనబడొచ్చు.

ట్రీటియం తాత
ఇక్కడంతా అసలు వాచీలవాళ్ళు శుద్ధులు, మాడ్ వాళ్ళు దొంగలు అన్నట్టు నడుస్తోంది. అసలు సబ్‌మెరైనర్‌కి బయట దొరికే డయల్, బెజెల్ వేస్తే ఏమవుతుంది? పేరు నిజం, ఒళ్ళు సగం అబద్ధం. 1999లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇలా మార్చి అమ్మిన పాత రోలెక్స్‌లనీ నకిలీల కిందే కట్టింది. స్విట్జర్లాండ్‌లో ఇంకో దారి. రోలెక్స్‌లని మార్చి ఇచ్చే ఆర్టిజాన్ ద జనీవ్ అనే సంస్థ కేసులో 2024 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు, యజమాని తన వాచీ తెచ్చి సొంత వాడకానికి మార్పించుకుంటే తప్పు లేదంది. కాబట్టి గీత ఒక్క పేరు దగ్గరే కాదు, అమ్మకం దగ్గర కూడా ఉంది.

పనిలో పనిగా ఇంకో మాట. 1960ల మొదటి నాటి డయళ్ళకి కొత్త రేడియం లాంటి వెలుగు తెప్పిస్తామని పాత పూత గీకేవాళ్ళున్నారు. వెలుగు కోసం ఆ పూతలో కలిపిన రేడియోధార్మిక పదార్థం ట్రీటియం అయితే దాని సగం ఆయువు (సగానికి తగ్గే కాలం) 12 ఏళ్ళ చిల్లర, దాదాపు చచ్చిపోయి ఉంటుంది. రేడియంకి అది 1600 ఏళ్ళు. చీకట్లో వెలగడం లేదంటే అరిగిపోయింది పూతే, రేడియం కాదు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే కథ వేరు. గీకొద్దు. వాచీ ధర కూడా పడిపోతుంది.

బెజెల్ బాబాయ్
అమ్మకం దగ్గర గీత అంటే ఒప్పుకుంటాను, సుబ్బారావు గారి 104 ముందు నా వాదన నిలవదు. చేతికి పెట్టుకునేవాడి జోలికి మాత్రం రావద్దు, మన చట్టంలో హక్కుల ఉల్లంఘన వ్యాపారంలో వాడకానికే.

కెరటం42
వాడు చచ్చేదాకా పెట్టుకుంటాడా బాబాయ్? రెండేళ్ళకి విసుగొచ్చి అమ్ముతాడు. సరే, గిరి గారికి ఒక ప్రశ్న. ఆ డయల్ తీసి పేరు లేనిది వేయాలంటే ఎంత పని?

గాస్కెట్ గిరి
ఒక పూట పని. కీ మర విప్పి, బయటికి లాగకుండా లోపలికే ఉంచి, స్టెమ్ (కీకి ఉండే లోపలి కడ్డీ) పక్కనున్న చిన్న గుంటని సన్న పిన్నుతో నొక్కి స్టెమ్ లాగాలి. టైము మార్చే స్థానంలో లాగితే లోపలి క్లచ్ చక్రం జారి స్టెమ్ మళ్ళీ ఎక్కదు. ముళ్ళు ఎత్తేటప్పుడు డయల్ మీద పల్చటి ప్లాస్టిక్ పరవండి. కొత్త డయల్ 28.5 మి.మీ. అయ్యుండాలి. ముళ్ళ రంధ్రాలు గంటలకి 1.50, నిమిషాలకి 0.90, సెకన్లకి 0.20 మి.మీ.

తిప్పలు పెట్టేది డయల్ కాళ్ళు, అంటే మెషిన్లో దిగే వెనక పిన్నులు. కీ 3 దగ్గర ఉండే డయల్ ఈ కేసులో అలాగే కూర్చోదు. కాళ్ళు కోసి స్టిక్కర్ చుక్కలతో అంటిస్తే డయల్ కాస్త పైకి లేస్తుంది, గంటల ముల్లు దాన్ని రాసుకోవచ్చు. నాలుగు కాళ్ళ డయల్ కొని అక్కర్లేని రెండు కోయడం మేలు. తేదీ సంగతి కూడా చూడండి. ఎన్‌హెచ్ మెషిను మామూలు చక్రంతో వచ్చి ఉంటే 4 దగ్గరి కీతో అంకెలు కిటికీలో ఏటవాలుగా కనబడతాయి. వారం కూడా చూపే ఎన్‌హెచ్36 అయితే ఎస్‌కేఎక్స్‌తో వచ్చిన పాత 7ఎస్26 మెషిను చక్రాలు తీసి వేసుకోవచ్చు. వద్దనుకుంటే తేదీ కిటికీ లేని డయలే కొనండి, కీ లాగితే ఒక ఉత్తుత్తి క్లిక్కు మిగులుతుంది, అంతే. ముళ్ళు పెట్టేటప్పుడు తేదీ మారేదాకా కీ తిప్పి, అక్కడ ఆపి రెండు ముళ్ళూ 12 మీద పెట్టండి. మూత బిగించే ముందు గాస్కెట్‌కి సిలికాన్ గ్రీజు మెరుపు కనబడేంత చాలు.