గార్ చేపని తెలుగులో ఏమందాం?

పిల్లల పత్రికకి ఓ వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయానండి. 1908లో వుడ్‌వర్డ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త, మహారాష్ట్రలో చంద్రపూర్ వైపు డోంగర్‌గావ్‌లో దొరికిన శిలాజాల్లో ఒక చేపకి ‘ఇండికస్’ అని పేరు పెట్టాడు. డైనోసార్ల కాలం చివర్లో మన మంచినీళ్ళలో తిరిగిన గార్ అనే పొడుగుమూతి చేప అది. ఇప్పుడు బతికున్న గార్ జాతులు ఏడు. అన్నీ ఉత్తర, మధ్య అమెరికాల్లో, క్యూబాలో ఉన్నాయి. ఇక్కడ వంశం నిలవలేదు. ‘గార్ చేప’ అని రాస్తే మా అమ్మాయి చదివి, “చేపగారా నాన్నా?” అంది. వేరే మాట చెప్పండి.

– సూదిమూతి చేప అనండి. పాత ఇంగ్లిషులో గార్ అంటే ఈటె. అదీ మూతిని చూసి పెట్టిన పేరే.

– అక్కడే చిక్కు. ఆ పేరు మొదట యూరప్ సముద్రాల్లోని సూదిచేపది. అమెరికా వలస వెళ్ళినవాళ్ళు అక్కడి పొడుగుమూతి చేపని చూసి అదే తగిలించారు. రెండింటికీ దగ్గర చుట్టరికం లేదు. మన చెరువుల్లో ఉండే సన్నటి సూదిచేపని కూడా ఇంగ్లిషు పుస్తకాలు గార్‌ఫిష్ అనేస్తాయి. మీరు సూదిమూతి అంటే చదివేవాడికి గుర్తొచ్చేది ఆ చేపే.

– శాస్త్రనామం చూడండి, లెపిసోస్టియస్. గ్రీకులో లెపిస్ పొలుసు, ఓస్టియాన్ ఎముక. కాబట్టి ‘అస్థిశల్క మత్స్యం’. అన్నట్టు, గ్రీకు వ్యాకరణం ప్రకారం అది ‘లెపిడోస్టియస్’ అవ్వాలని 19వ శతాబ్దం పండితులు దిద్దారు. వుడ్‌వర్డ్ కూడా అలాగే రాశాడు. కానీ నామకరణ నియమాల్లో ముందు రాసిందే చెల్లుతుంది. చివరికి తప్పే నిలిచింది!

– అస్థిశల్కం అంటే పిల్లలు పేజీ తిప్పేస్తారండీ. ‘ఎముకపొలుసు చేప’ అంటే పోలా? బొచ్చె పొలుసు చాకుతో గీకితే ఊడొస్తుంది. దీని పొలుసులు అలా కాదు. పతంగి ఆకారంలో, ఒకదాన్నొకటి పట్టుకుని కవచంలా ఉంటాయి. అడుగున ఎముక, పైన పంటి పింగాణీ లాంటి నిగనిగలాడే పూత. అందుకే మట్టిలో నిలుస్తాయి. వికారాబాద్ దగ్గర నస్కల్‌లో, దక్కను లావా పొరల మధ్య చిక్కిన మట్టిలో దొరికిన గార్ ఆనవాళ్ళలో విడి పొలుసులున్నాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటివి. మన నేల దాచిపెట్టింది పొలుసునైతే పేరు మూతి మీద ఎందుకు?

– పూత అన్నారు కాబట్టి చెబుతున్నా, ‘గార చేప’ అంటే? గార్ అన్న శబ్దమూ ఉంటుంది, పాత మేడల గోడలకి సున్నపు గార మెరిసినట్టు అర్థమూ వస్తుంది.

– బాగుంది కానీ, పళ్ళకి పట్టేదీ గారే కదండీ :)

– ఎముకపొలుసు చేపే వేస్తున్నాను. మొదటిసారి వచ్చినచోట గార్ అని పక్కన రాస్తాను. ఇంకో సందేహం: ఎముక, పొలుసు కలిపి రాయాలా, విడిగానా?

– కలిపే. ఇత్తడిబిందె అనమూ!