సిమ్స్ ఆన్‌లైన్ ఎందుకు తేలిపోయింది? ఆడినవాళ్లు కాస్త చెప్పరూ

అందరికీ నమస్కారం. 2000లో వచ్చిన ‘ది సిమ్స్’ (బొమ్మ మనుషుల రోజువారీ బతుకును మనమే నడిపించే కంప్యూటర్ ఆట) ఎంత ఊపేసిందో తెలిసిందే. 2002 డిసెంబరులో దాని ఆన్‌లైన్ రూపం వస్తే జనం ఎగబడతారనుకున్నారు. తీరా చూస్తే నెలనెలా చందా కట్టి ఆడేవాళ్లు అనుకున్నంతమంది రాలేదు, 2008లో మూసేశారు.

పాత ఆటలో కాలం మన చేతిలో ఉండేది. కావాలంటే ఆపేయొచ్చు, పరుగెత్తించొచ్చు. బొమ్మను ఈతకొలనులోకి దింపి, బయటికి రాలేకుండా నిచ్చెన పీకేసే అల్లరీ ఉండేది (చేయనివాళ్లు చేతులెత్తండి!). ఆన్‌లైన్‌లో అవతల ఉన్నది నిజం మనిషాయె, ఆ ఆటలు సాగవు. పైగా నైపుణ్యం పెరగాలంటే బొమ్మను ఒకే వస్తువు ముందు గంటలకొద్దీ కూర్చోబెట్టాలి. పక్కన నలుగురుంటే త్వరగా పెరుగుతుందని అందరూ ఒకే ఇంట్లో చేరేవారట. డబ్బుకోసం నలుగురూ కలిసి పిజ్జాలు చేయడం ఇంకోటి. ఆట ఆడుతున్నట్టా, డ్యూటీ చేస్తున్నట్టా?

నేనూ, ఇద్దరు స్నేహితులూ ఇలాంటిదే చిన్న ఆట కడుతున్నాం. మీకు విసుగు పుట్టించింది ఆ చాకిరీనా, చందానా, లేక చేయడానికి వేరే పనే లేకపోవడమా? నాకైతే మూడోదే అనిపిస్తోంది. చాలాకాలం వదలకుండా ఆడినవాళ్లుంటే, మిమ్మల్ని అక్కడ కట్టిపడేసింది ఏమిటో కూడా చెప్పండి.